అద్దంలో మొహం, ఎదుటి మొహం

మా వీధి మలుపులో సెలూన్ నడిపే ఆయనను అందరం కత్తెర బాబాయి అంటాం. కుర్చీ ఎక్కలేని ముసలివాళ్లకు ఇంటికే వెళ్లి గడ్డం చేసివస్తాడు. వాళ్లు చెప్పిన కథే మళ్లీ చెప్పినా కొత్తగా వింటాడు. అలాంటి మనిషి రెండు ఫొటోల మధ్య పడి తికమకైపోయాడు.

ఆయన చెల్లెలు వేరే ఊళ్లో కొడుకు దగ్గర ఉంటోంది. జబ్బు చేసి లేచాక మనుషులను పోల్చుకోలేకపోతోంది. "మామయ్యా, నువ్వు పని చేసుకుంటున్న ఫొటో ఇస్తే అమ్మకు చూపిస్తాను. నిన్నైనా గుర్తుపడుతుందేమో" అన్నాడు మేనల్లుడు. బాబాయికి తానే వెళ్లాలని ఉంది. కానీ తనను చూసి "ఎవరు బాబూ?" అంటుందేమోనని భయం.

మొదట ఎదురు స్టూడియో ఆయన ఫొటో తీశాడు. జుట్టు దువ్వించి, చేతికి కత్తెర ఇచ్చి, కెమెరాకు ఎదురుగా నిలబెట్టి, "పనివాడి ఫొటోకు మొహం ముఖ్యం. కదలకండి" అన్నాడు. వీధుల్లో పనివాళ్ల ఫొటోలు తీస్తూ తిరిగే కెమెరా అమ్మాయి దారి వేరు. "నేనిక్కడ లేననుకోండి బాబాయ్" అని ఓ మూల ఒదిగి కూర్చుంది. ఆయన పనిలో మునిగాక, అద్దంలో కనిపించే మొహాన్ని తీసింది.

రెండూ అచ్చయి వచ్చాయి. స్టూడియో ఫొటో చూసి బాబాయి, "ఇదెవరు? పుట్టుమచ్చ అటు పోయిందేమిటి? మూతి కూడా వంకరగా ఉంది" అన్నాడు.

"మీరేనండీ. పెళ్లయిన నాటి నుంచీ ఈ వంకర మూతినే చూస్తున్నాను" అంది పిన్ని. రెండోది చూసి, "ఇది మాత్రం మీరు కాదు. మీ తమ్ముడెవరోలా ఉంది."

"అదేమిటే! రోజూ అద్దంలో నేను చూసేది ఇతన్నే!"

"ఇద్దరు మొగుళ్లతో నేను వేగలేను. ఏదో ఒకటి తేల్చండి."

అద్దం కుడిని ఎడమ చేస్తుందని తెలిసినా బాబాయి తేల్చలేకపోయాడు. చెల్లెలికి ఏ మొహం గుర్తుంటుంది? ఎదురుగా కూర్చుని అన్నం తిన్న మొహమా, సెలూన్లో వెనక నుంచి అద్దంలో చూసిన మొహమా? తప్పు ఫొటో చూపిస్తే మిగిలిన కాస్త గుర్తూ చెదిరిపోతుందేమో! గడ్డానికి నురగ పట్టించుకుని కూర్చున్న పోస్ట్‌మాన్‌ను అడిగితే, "ముందు నా మొహం సంగతి చూడు బాబాయ్, ఆరిపోతోంది" అన్నాడు.

చివరికి ఫొటో కోసం వచ్చిన మేనల్లుడి చేతిలో రెండూ పెట్టాడు. "దేనికి నవ్వితే అది ఉంచు."

"రెండింటికీ నవ్వితే?"

"నన్నడిగితే నాకేం తెలుసురా!"

వారం తిరక్కుండా ఫోన్ వచ్చింది. గుర్తుపట్టిందా అని కాక, అన్నం తింటోందా అని అడిగాడు బాబాయి. మేనల్లుడే చెప్పాడు: "పేరు చెప్పలేదు మామయ్యా. చూస్తూ చూస్తూ తల ముందుకు వంచేసింది. 'మెడ మీద వెంట్రుకలు గుచ్చుకుంటున్నాయి, ఊదు' అంది."

చిన్నప్పుడు చెల్లెలి జుట్టు కత్తిరించి, మెడ మీద ఊదింది బాబాయే.

"ఏ ఫొటో చూసి అలా అందిరా?"

"రెండూ ఒళ్లోనే ఉన్నాయి. నేను గమనించలేదు."

బాబాయి ఫోన్ పెట్టేశాడు. గుర్తుపట్టినట్టా, కాదా? మొహాన్నా, చేతినా? ఆ సంగతి పైవాడికే తెలియాలి. బాబాయి మాత్రం కత్తెర, దువ్వెన, తెల్లగుడ్డ సంచిలో సర్దుకున్నాడు.

"తీరా వెళ్లాక 'ఎవరు బాబూ' అంటే?" అంది పిన్ని మెల్లగా.

"జుట్టు కత్తిరించేవాణ్ణమ్మా అంటాను" అని బాబాయి చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.