ప్రపంచ మహాసభలో మా పెద్దమ్మ బొటనవేలు

నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. చివర్లో నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది. పోయిన గురువారం నేను ప్రపంచంతో మాట్లాడాను. అవును, ప్రపంచంతోనే. దేశం దేశాన్నీ పేరు పెట్టి పలకరించాను. పలకరించి ఏం సాధించావమ్మా అంటారా? అదే కదా కథ! ఐదు రోజులుగా కుదురుగా ఒకచోట కూర్చోలేకపోతున్నాను. టీ గ్లాసు పట్టుకుని గుమ్మానికీ పెరటికీ తిరుగుతున్నాను. మీరు మాత్రం కూర్చోండి, చెప్తాను.

అంతా రేషన్ షాపు దగ్గర మొదలైంది. మా పొందూరులో వేలిముద్ర మిషన్ పెట్టారు కదా. బియ్యం కావాలంటే దాని మీద బొటనవేలు పెట్టాలి. అది సిగ్నల్ వెతుక్కుని, ఎక్కడో ఉన్న కంప్యూటర్ని అడిగి, ఈ మనిషి ఈ మనిషేనని ఒప్పుకోవాలి. మా పక్కింటి అప్పలనర్సమ్మ పెద్దమ్మని రెండు నెలలుగా ఒప్పుకోవడం లేదు. ఎలా ఒప్పుకుంటుంది? యాభై ఏళ్ళు రాట్నం మీద సన్న నూలు తీసిన వేలు అది. దారం పారీ పారీ గీతలన్నీ అరిగి, ఏట్లో గులకరాయిలా నున్నగా తేలింది. ఆ నూలుతో నేసిన పంచె కట్టుకున్న పెద్దమనుషులు ఆహా ఓహో అంటారు. ఆ వేలు చూసిన మిషన్ మాత్రం నువ్వెవరో నాకు తెలీదంటుంది.

"మళ్ళీ ఎట్టు పెద్దమ్మా," అంటాడు డీలరు.

"ఎన్నిసార్లెట్టాలి బాబూ? ఏలు ఇక్కడ వదిలీసి ఎల్లిపోతాను. అది ఒప్పుకున్నాక బియ్యంతో పాటు ఇంటికంపీ!" అంటుంది పెద్దమ్మ.

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. వరసగా మూడో నెల కూడా వేలు పడకపోతే కార్డులో పేరే ఎగిరిపోతుందని ఆ డీలరే చెప్పాడు. ఒంటరి మనిషి. ఆ కార్డు పోతే పొయ్యిలో పిల్లి లేస్తుందా? పైగా నా చదువు ఎనిమిదిలో ఆగిపోయినప్పుడు, కొట్టు నుంచి తెచ్చిన పొట్లాం కాగితాలు విప్పి, మడతలు సాపు చేసి, "సదువుకోయే" అని నా చేతిలో పెట్టిన మనిషి ఆమె. నాకు వచ్చిన అక్షరాల్లో సగం చింతపండు వాసన వేస్తాయి.

ఆ కోపంలో, షాపు మెట్ల మీదే కూర్చుని ఫోన్‌లో రాసి పడేశాను. 'సిగ్నల్ అనే దేవుడు ఏ కొండ మీదున్నాడో చెప్పండి, మా ముసలాళ్ళు మెట్లెక్కి మొక్కుకుంటారు' అని. నాలుగు ముక్కలే. గాని కాస్త ఘాటుగా రాశాను. అది ఎవరెవరో పంచుకున్నారు. రెండో వారానికి విశాఖపట్నం నుంచి దీప్తి అనే అమ్మాయి వచ్చింది. ఏదో సంస్థలో పని చేస్తుందట. మనిషి సన్నగా, మాట చురుగ్గా ఉంది. నాకు నచ్చింది.

"అక్కా, ఇంటర్నెట్‌ని ఎవరు నడపాలి, ఎలా నడపాలి అని ప్రపంచ దేశాలన్నీ కలిసి మీటింగ్ పెట్టుకుంటాయి. మామూలు వినియోగదారుల గొంతు వినపడాలి అని ప్రతిసారీ అంటారు. ఆ మామూలు వాళ్ళే కనపడరు."

"మరెవరుంటారు?"

"మామూలు వాళ్ళ గురించి రిపోర్టులు రాసినవాళ్ళు."

నాకు మరీ నచ్చేసింది. శ్రీకాకుళంలో ఒక కాలేజీ హాల్లో తెర కడతారట, అక్కడి నుంచే మాట్లాడొచ్చట. మూడు నిమిషాలు. తెలుగులోనే. కాలేజీలో ఇంగ్లీషు చెప్పే మాస్టారు ఒకాయన పక్కన నిలబడి అనువాదం చేస్తారు.

"మూడు నిమిషాలు దాటితే మైకు దానంతటదే ఆగిపోతుందక్కా. గుర్తుంచుకోండి."

"నాకు చెప్తున్నావా అమ్మా?" అన్నాను. ఎందుకన్నానో మీకు తెలియాలి. మా చర్చి స్త్రీల సమాజానికి పదేళ్ళుగా కార్యదర్శిని నేను. మా వైపు సభల సంగతి మీరెరుగుదురు. మైకు పట్టుకున్న ప్రతి మనిషీ అయ్యగారికి వందనాలు, అమ్మగారికి వందనాలు, సంఘ పెద్దలకు వందనాలు, షామియానా వేసినాయనకి వందనాలు అని వరస పెడతారు. ఒక్క పేరు మరిచిపోతే ఆ పేరుగల మనిషి ఏడాదిపాటు మనింటి గుమ్మం తొక్కడు. మొన్న వేసవి కూటాల్లో ఒకాయన పదకొండో వందనం దగ్గరికొచ్చేసరికి నేనే వెళ్ళి మైకు వైరు పీకేశాను. ఊరంతా ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటి దాన్ని. నాకు టైము గురించి చెప్తుందా!

రాసుకున్నాను. కొట్టేశాను. మళ్ళీ రాసుకున్నాను. గోడ గడియారం ముందు నిలబడి చదివితే రెండు నిమిషాల యాభై సెకన్లు. బాణంలా ఉంది. వేలు, మిషను, సిగ్నలు, కార్డు. చివర్లో 'మనిషిని గుర్తుపట్టే పని మిషన్‌కి అప్పగించినప్పుడు, గుర్తుపట్టకపోతే ఎవరిని అడగాలో కూడా చెప్పండి' అని ఒక దెబ్బ. పెద్దమ్మకి వినిపించాను.

"బాగున్నాది. నాను కూడా వస్తాను. నా ఏలు గురించి మాట్లాడతన్నప్పుడు నా ఏలు అక్కడుండాల," అంది. కాదనలేకపోయాను.

గురువారం బస్సు దిగి కాలేజీకి వెళ్తే, ఏముంది, గేటుకి ఫ్లెక్సీ! 'ప్రపంచ ఇంటర్నెట్ మహాసభ' అని. దాని మీద ఎనిమిది ఫోటోలు. అందులో నాది లేదు. హాల్లో వేదిక, వేదిక మీద తెల్ల గుడ్డ కప్పిన బల్ల, నీళ్ళ సీసాలు, పూలగుత్తులు. ప్రిన్సిపాల్ గారు, కమిటీ పెద్దలు, ఇంకా ఎవరెవరో. మా చర్చి అయ్యగారు కూడా పొందూరు నుంచి నన్ను ఆశీర్వదించడానికి వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. ప్రపంచం వింటుందంటే ఎవరు ఊరుకుంటారు?

మాస్టారు చెమటలు కక్కుతూ వచ్చి నా చేతిలో చీటీ పెట్టారు.

"అమ్మా, ముందు ఈ పేర్లు సెప్పీండి. లేపోతే రేపు నాను స్టాఫ్ రూములో కూకోలేను."

చూస్తే పద్నాలుగు పేర్లు. చింపి నాలుగు ముక్కలు చేశాను.

"మాస్టారూ, ఇవి సదివితే పెద్దమ్మ ఏలు గురించి ఏసంకాలం సెలవుల్లో సెప్పాలా?"

దీప్తి చప్పట్లు కొట్టింది. నేను నడుం బిగించాను. తెర మీద పెట్టెలు పెట్టెలుగా మొహాలు, ఒక్కో పెట్టె కింద దేశం పేరు. మధ్యలో నెరిసిన జుట్టు ఆవిడ, సభకి అధ్యక్షురాలు. పైన మూల మూడు నిమిషాల గడియారం. ఆవిడ శ్రీకాకుళం అంది. అంత దూరం నుంచి మా ఊరి పేరు వినేసరికి ఒళ్ళు ఝల్లుమంది. మైకు ముందు ఎర్ర దీపం వెలిగింది.

నోరు తెరిచాను.

"వేదికను అలంకరించిన పెద్దలందరికీ వందనాలు!"

అది నేనా అన్నది? నేనే! పదేళ్ళ అలవాటు. ఎర్ర దీపం చూడగానే నోరు దానంతటదే గేటు తీసుకుని బయటికి పోయింది. సరే, అన్నాను, అయిపోయింది, కాగితం చదువుదామనుకున్నాను. అప్పుడు పక్కకి చూశాను. ప్రిన్సిపాల్ గారు పేరు కోసం ఎదురుచూస్తూ కోటు సర్దుకుంటున్నారు. ఆయన పేరు చెప్పాను. ఆయన పేరు చెప్తే పక్కాయన? ముందు వరసలో మా అయ్యగారు? పేరు పేరునా చెప్పాను. చింపిన చీటీలో ఉన్నవాళ్ళని కూడా వదల్లేదు. ఒక్క చూపుకే పద్నాలుగు పేర్లూ నా బుర్రలో అచ్చు పడ్డాయి, దిక్కుమాలిన జ్ఞాపకశక్తి!

ఇంకో సంగతి. గోడ గడియారం ముందు నేను లెక్కేసుకున్నది నా ఒక్క నోటికి. మాస్టారి నోరు లెక్కలోకి తీసుకోలేదు. నేను ఒక వందనం చెప్తే ఆయన ఇంగ్లీషులో దాన్ని గంధం పూసి, శాలువా కప్పి మరీ అప్పజెప్తున్నారు. ప్రిన్సిపాల్ గారి పేరు దగ్గరైతే ఆయన చదువుకున్న డిగ్రీలు కూడా చెప్పారు.

సరే, ఇక్కడితో ఆపినా బాగుండేది. తెర మీద కెన్యా ఆయన నవ్వుతూ చెయ్యి ఊపాడు. చెయ్యి ఊపిన మనిషిని వదిలేసి పోతామా? "కెన్యా అన్నయ్యకి వందనాలు!" అన్నాను. కెన్యా పక్కన బ్రెజిల్. పంక్తిలో వడ్డిస్తూ ఒక విస్తరి వదిలి పక్క విస్తరికి వెళ్తామా? వెళ్ళం కదా! బ్రెజిల్ చెల్లికి వందనాలు. ఫిలిప్పీన్సు వదినకి వందనాలు. అలా ఒక వరస పూర్తి చేసేసరికి ఆ పెట్టెలు చోట్లు మార్చుకున్నాయి! ఎవరు మైకు ముట్టుకుంటే వాళ్ళు ముందుకొస్తున్నారు. ఎవరికి వడ్డించానో, ఎవరికి వడ్డించలేదో తెలీలేదు. ఫిజీకి రెండుసార్లు పడింది.

దీప్తి ఎదురుగా నిలబడి మణికట్టు మీద కొట్టుకుంటోంది. గాజులు సర్దుకుంటుందనుకున్నాను. పెద్దమ్మ నా చీర కుచ్చిళ్ళు పట్టి లాగింది.

"ఒలే రూతూ! నా ఏలు సెప్పవే!"

"వస్తన్నాది పెద్దమ్మా, ఉండు!"

గడియారం చూస్తే ముప్పై ఐదు సెకన్లు. గుండె జారి చెప్పుల్లో పడింది. "మాది పొందూరు," అన్నాను గబగబా. మాస్టారికి పొందూరు అనగానే పూనకం వచ్చింది. ఖద్దరు చరిత్ర ఎత్తుకున్నారు. పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారని, ఆ దవడకి పళ్ళు ఎలా ఉంటాయో చేత్తో చూపించారు. తెర మీద దేశాలన్నీ కళ్ళు పెద్దవి చేసుకుని చేప గురించి వింటున్నాయి.

"మాస్టారూ, సేప వదిలీండి!" అని అరిచాను. పది సెకన్లు!

ఇంక మాటలతో పని కాదు. పెద్దమ్మ చెయ్యి పట్టి లాక్కెళ్ళి, ఆ బొటనవేలుని కెమెరాకి చూపించాను. గీతలు లేవని లోకం కళ్ళారా చూడాలని దగ్గరగా పెట్టాను. ఇంకా దగ్గరగా పెట్టాను. పెద్దమ్మకి అలవాటైన పని కదా, షాపులో మిషన్ మీద నొక్కినట్టు గట్టిగా నొక్కేసింది.

తెర మీద మా పెట్టె నల్లబడిపోయింది.

అధ్యక్షురాలు ఏదో అంది. మాస్టారు, పుణ్యాత్ముడు, అది కూడా అనువాదం చేశారు. "శ్రీకాకుళం బొమ్మ రాటం లేదట. సిగ్నల్ ప్రాబ్లం అనుకుంటన్నారు. మంచి మాటలు సెప్పినందుకు థాంక్స్ అంటన్నారు."

ఎర్ర దీపం ఆరిపోయింది. హాలంతా చప్పట్లు. అందరి పేర్లూ వచ్చాయి కదా మరి! ప్రిన్సిపాల్ గారు నాకు శాలువా కప్పారు. రేషన్ షాపు మిషనూ ఆ వేలిని గుర్తుపట్టలేదు, ప్రపంచమూ గుర్తుపట్టలేదు. మధ్యలో నా భుజాన శాలువా.

తిరుగు బస్సులో పెద్దమ్మ పక్కనే కూర్చున్నాను. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండును.

"అందరికీ వందనాలు సెప్పినావు," అంది చివరికి. "మంచిదే. మర్యాద."

అంతే. ఆ మర్యాద అన్న మాట ఉంది చూశారా, ముల్లులా దిగింది. ఆ రోజు నుంచే నాకు ఈ తిరుగుడు.

నిన్న దీప్తి ఆ సభ రిపోర్టు పంపింది. అందులో మా గురించి ఒకే ఒక్క లైను. 'శ్రీకాకుళం నుంచి మామూలు వినియోగదారులు పాల్గొని, సభ్యులందరికీ హృదయపూర్వక శుభాకాంక్షలు తెలిపారు.' అంటే మాకు ఏ బాధా లేదన్నమాట! ప్రపంచాన్ని పలకరించి పోదామని వచ్చామన్నమాట! ఒళ్ళు భగ్గుమంది. తప్పు దిద్దండి అని అధ్యక్షురాలికి ఈమెయిలు రాయడానికి కూర్చున్నాను. పెద్దమ్మని పిలిచి, రాసినంతవరకు చదివి వినిపించాను. పెద్దమ్మ రాట్నానికి దూది ఏకులు చుట్టుకుంటూ వింది. కాసేపయ్యాక చెయ్యి ఆపింది.

"ఇంకా నా ఏలు రాలేదేటే?"

చూసుకుంటే సగం పేజీ అయింది. అంతా 'గౌరవనీయులైన', 'మహారాజశ్రీ', 'తమరి దివ్య సముఖమునకు'! సిగ్గేసింది. మొత్తం కొట్టేశాను. రెండు లైన్లు మిగిల్చాను. మా పెద్దమ్మ వేలికి గీతలు లేవు, మీ మిషన్ ఆమెని మనిషి కాదంటోంది, ఎవరిని అడగాలో చెప్పండి. అంతే. దీప్తి ఇంగ్లీషు చేసిచ్చింది, పంపేశాను. వందనం లేదు, శాలువా లేదు. గెలిచాననుకున్నాను.

పది నిమిషాలు ఆగలేకపోయాను. గుమ్మంలోకి, పెరట్లోకి, మళ్ళీ గుమ్మంలోకి. అంత పెద్దావిడకి ఒక నమస్కారం కూడా పెట్టకుండా ముక్కు మీద గుద్దినట్టు రాశానే, మా వైపు మనుషులకి మర్యాద తెలీదనుకోదూ? దీప్తికి చెప్పకుండా, వచ్చీ రాని ఇంగ్లీషులో ఇంకో మెయిల్ పంపాను. ఆవిడకీ, ఆవిడ ఇంటిల్లిపాదికీ క్షేమం కోరుతూ. ఫిజీని కూడా అడిగానని చెప్పమన్నాను.

ఈ పొద్దున్న జవాబొచ్చింది. చాలా సంతోషించారట. రెండో మెయిల్‌కి. మొదటిదానికి ఇంకా రాలేదు.

పెద్దమ్మకి చెప్పేశాను. దాచి ఏం చేస్తాను? ఆమె రాట్నం పక్కకి జరిపి, ఆ నున్నటి బొటనవేలు చీర కొంగుకి తుడుచుకుంది.

"రేపు ఒకటో తారీకు. మూడో నెల. నువ్వు నాతో షాపుకి రా," అంది. "గానీ ఒక మాట. డీలరుకి, ఆడి తమ్ముడికి, లైన్లో ఉన్నోలందరికీ వందనాలు నాను సెప్తాను. నువ్వు లోపలికొచ్చిన కాడి నుంచి తిన్నగా తిట్టడం మొదలెట్టీ!"