చెట్లు కనబడేదాకా

కోరుట్లలో ఉండే మా అక్క పెళ్లయిన కొత్తల్లోనే బీడీలు చుట్టడం మొదలుపెట్టింది. నేను జగిత్యాల బళ్లో పాఠాలు చెబుతూ, ఎండాకాలం సెలవుల్లో కొండలెక్కే మనిషిని. నా ఫోన్లో మంచు ఫోటోలు చూసి ఒకసారి అక్క అడిగింది: “నన్ను గూడ తోల్కపోతవా?”

ఉత్తరాఖండ్ వెళ్లేముందు అక్క వచ్చి నా దగ్గరే ఉంది. రోజూ పొద్దున్నే ఇద్దరం కొండగట్టు ఘాటు రోడ్డు ఎక్కి దిగేవాళ్లం. అక్క నాకంటే ముందు నడిచేది.

అక్కడా మొదట్లో ఆమే ముందు. కింద లోయలో మన దగ్గరిలాగే ఉక్కపోత. దేవదారు చెట్ల నీడలోకి రాగానే ఒంటి మీది చెమట ఆరి వణుకు పుట్టింది. మర్నాడు ఎర్రపూలు విరగబూసిన అడవి దాటాం. రాలిన పూలను తొక్కలేక అక్క పక్కనున్న రాళ్ల మీద నడిచింది. ఆపైన చెట్లు పొట్టివై, పొదలై, చివరికి ఒక్కటీ లేకుండా పోయాయి. ఒట్టి గడ్డి, బండలు, గాలి.

ఆ సాయంత్రం అక్క అన్నం ముట్టలేదు.

“తల నొస్తుందా అక్కా?”

“ఏం లేదు. సలికి గట్లనే ఉంటది.”

నొప్పి అని చెబితే వెనక్కి పంపుతారని దాచిందట.

తెల్లారి మంచు వాలు వైపు ఎక్కుతుంటే ఆమె అడుగులు తాగిన మనిషి అడుగుల్లా తడబడ్డాయి. మాతో కొండెక్కడానికి వచ్చిన తోటివాళ్లు ముందుకు వెళ్లిపోయారు. మా వెనక గైడు ఒక్కడే ఉన్నాడు. ఇంతలో మబ్బు దిగి వడగళ్లు మొదలయ్యాయి. అక్క ఒక బండ మీద కూలబడి స్వెటర్ విప్పేసింది. ఒడిలో చాట ఉన్నట్టు వంగి వేళ్లు ఆడించసాగింది. లేని ఆకులో లేని తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి పక్కన పెడుతోంది.

“ఏం చేస్తున్నవ్ అక్కా?”

“కనవడ్తలేదా? ఇంకా కట్టలు తక్కువున్నయి. ఆకు తడిపినవా?”

అంత ఎత్తులో గాలి చాలక ఆమెకు మతి తప్పింది. వెంటనే దించకపోతే మనిషి దక్కదని నాకూ తెలుసు, గైడుకూ తెలుసు. చెరో రెక్కా పట్టి లేపబోయాం. అక్క విదిలించి కొట్టింది. ఆ ఊపుకు నేను వడగళ్ల మీద జారి పడ్డాను.

“ఇడువు నన్ను! పని కానియ్యవా?”

ఆ జారుడు వాలులో ఆమెను మోసుకుని దిగడం కుదరని పని. అప్పుడు నాకేం తోచిందో, గట్టిగా అరిచాను:

“అక్కా, కార్ఖాన మూస్తున్నరు! బీడీలు అప్పజెప్పాలె, లే!”

చటుక్కున లేచింది. లేని చాటను చంకన పెట్టుకుంది. నేను స్వెటర్ తొడిగినా వద్దనలేదు.

గైడు ముందు, నేను వెనక, అక్క నడుమ. దారి కనబడదు. వాగు పొంగింది; గైడు నీళ్లలోకి దిగి ఆమె చేయి పట్టి దాటించాడు. ఆమె పెదవులు నీలంగా మారాయి. అడుగడుక్కీ ఒకటే ప్రశ్న.

“ఇంకెంత దూరం?”

“గా మలుపు తిరిగితే కార్ఖాననే.”

ప్రతి మలుపుకూ అదే అబద్ధం చెప్పాను. మంచుపొగలో నా కళ్లు చెట్టు కోసమే వెతికాయి. చెట్లు మొదలైతే గాలి చిక్కబడుతుంది, అదే నా ఆశ. ముందు మోకాలెత్తు పొదలు తగిలాయి. చాలాసేపటికి తడిసిన ఎర్రపూలు. అక్కడ అక్క ఆగి వాంతి చేసుకుంది. చెట్టు మొద్దును పట్టుకుని నిలబడి, నా మొహంలోకి చూసింది.

“చెల్లె, దూప అయితుంది.”

పొద్దుటి నుంచి ఆమె నన్ను చెల్లె అని పిలవలేదు. గైడు నీళ్ల సీసా మూత తీసిచ్చాడు.

కింది ఊరి దవాఖానలో ఆక్సిజన్ పెట్టారు. మర్నాటికి లేచి కూర్చుని చాయ్ తాగింది. పైన జరిగిందేదీ గుర్తులేదంది. చెప్పాను. మొదట నవ్వింది. తర్వాత తన వేళ్ల వైపు చూసుకుంది.

“గంత పైకి పోయి గూడ బీడీలేనా చేసిన?”

ఆమె పక్కనే మంచం మీద కూర్చున్నాను. అక్క గోడ వైపు తిరిగి పడుకుని, “మంచు ముట్టనేలేదు గదనే” అంది.