పిండిమర రోజుల జాబితా

మా చిన్నప్పుడు అమ్మ వారానికి నాలుగు సాయంత్రాలు పిండిమరకు వెళ్ళేది... అంత పిండి మా ఇంట్లో ఎన్నడూ లేదు.

నిజానికి ఆమె వెళ్ళేది టైపు నేర్చుకోవడానికి. ఇంటి ఆడవాళ్ళు ఉద్యోగం చేయవలసిన గతి తనకు పట్టలేదనేది నాన్న మాట. అందుకే సంచిలో పైన గోధుమలు, అడుగున టైపు పుస్తకం. పక్క వాటాలోని రవణమ్మ పిన్ని మా పొయ్యి మీద అన్నం వార్చేది. ఎదురు వాటాలోని మస్తానమ్మ అత్త చెల్లికి జడ వేసి, నాన్న వస్తే, "మర దగ్గర కరెంటు పోయిందంట అన్నయ్యా" అని నవ్వకుండా చెప్పేది.

నాకప్పుడు పదేళ్ళు. ఏ విషయమైనా గళ్ళు గీసి రాస్తే తప్ప నాకు తృప్తి ఉండేది కాదు... ఎవరూ నేర్పని అలవాటు. పాత క్యాలెండరు కాగితం వెనుక స్కేలుతో గీతలు కొట్టి, ఎర్ర సిరాతో శీర్షిక పెట్టాను: "అమ్మ టైపుకు వెళ్ళే రోజులు". సోమవారం అన్నం, రవణమ్మ పిన్ని. నాన్నకు సమాధానం, మస్తానమ్మ అత్త... ఇలా నాలుగు రోజులూ. అన్నం మెతుకులతో బీరువా తలుపు లోపల అంటించాను.

అమ్మ టైపు పరీక్ష ఇంకా తొమ్మిది రోజులు ఉందనగా, నాన్న చొక్కా కోసం ఆ తలుపు తెరిచాడు.

"ఎవర్రా రాసింది?"

"నేనే నాన్నా."

"గీతలు భలే తిన్నగా కొట్టావురా."

నాన్న నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి. పొంగిపోయాను... ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేనిది ఆ పొంగుకే.

అమ్మతో ఒకే మాట అన్నాడు. "రేపట్నుంచి పిండి నేను పట్టించుకొస్తాను." తర్వాత చెప్పులు వేసుకుని రెండు వాటాలకూ వెళ్ళి, అక్కడి మగవాళ్ళతో మెల్లగా మాట్లాడి వచ్చాడు. మరునాటి నుంచి ఆ రెండు తలుపులూ మూసే ఉన్నాయి. గోడ అవతలి నుంచి మస్తానమ్మ అత్త మాత్రం ఒకసారి అంది:

"పలక మీద రాసుకోవచ్చు కదరా సచ్చినోడా... చెరిపేసేవాళ్ళం!"

అమ్మ పరీక్షకు వెళ్ళలేదు. నన్ను తిట్టనూ లేదు. బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఏరుతూ ఆగి, చేట అంచు మీద వేళ్ళు వరుసగా ఆడించేది... ఎడమ చెయ్యి, కుడి చెయ్యి, మళ్ళీ ఎడమ చెయ్యి... చాలా ఏళ్ళు.

ఇప్పుడు అమెరికాలో, ఆష్‌బర్న్‌లోని మా ఇంట్లో, ఫ్రిజ్ మీద ఒక జాబితా ఉంది. నా భార్య మళ్ళీ కాలేజీలో చేరింది. స్కేలుతో గీసిన గళ్ళు... మా అమ్మాయి పని. సోమవారం స్విమ్మింగ్ నుంచి పికప్, సునంద ఆంటీ. మంగళవారం డిన్నర్, ఫాతిమా ఆంటీ... రెండుసార్లు చదివాను.

"నా పేరు లేదేంటమ్మా?"

"అమ్మ నిన్ను అడగొద్దంది డాడీ. 'ఇప్పుడెందుకు ఈ చదువు' అని మళ్ళీ అంటావంట."

అన్నాను. నిరుడు, ఇదే వంటగదిలో... గొంతు పెంచకుండా.

కాలం మారిందని అందరూ రాస్తారు. మారింది... ఇప్పుడు జాబితాను బీరువాలో దాచనవసరం లేదు, అంతే. మీ అమ్మగారి కోసం తలుపు తీసి ఉంచినవారెవరో కింద కామెంట్లలో రాయండి. అందులో మగవాడి పేరు ఒక్కటైనా ఉంటే, ముందు అదే రాయండి.

నేను పెన్ను తీసుకుని ఫ్రిజ్ దగ్గర నిలబడ్డాను... ఒక్క గడీ ఖాళీగా లేదు.