పాసు బ్యాచి

పదో తరగతిలో దసరా సెలవులు అయిపోగానే మా లెక్కల సారు మమ్మల్ని రెండు ముక్కలు చేశాడు. బాగా చదివేవాళ్లు గదిలో, మిగిలినవాళ్లం వరండాలో. మాకు ‘పాసు బ్యాచి’ అని పేరు. గదిలో త్రిభుజాలు, త్రికోణమితి నడిచేవి. మాకు మాత్రం పాసు మార్కులకు సరిపడా కొన్ని లెక్కలు, రోజూ అవే. అందులో సామాన్య కారణాంకాన్ని బయటికి తీయడం ఒకటి. నాకేమో పాలిటెక్నిక్‌లో చేరాలని ఉండేది. దాని ప్రవేశ పరీక్షలో గదిలో చెప్పే పాఠాలే అడుగుతారు. ఆ సంగతి చెబితే సారు నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మాకిచ్చిన జిరాక్సు కాగితంలో జవాబులు కూడా ఉండేవి. అర్థం కాకపోయినా బట్టీ పట్టాలి. 6x³ + 9x² + 3x అనే లెక్కకు 3x(2x² + 3x) అని ఉంది. మూడు పదాల్లోనూ 3 ఉంది, కనీసం ఒక x ఉంది. కాబట్టి 3x బయటికి వస్తుంది, నిజమే. ఊరుకోలేక తిరిగి గుణించి చూశాను. చివరి 3x రాలేదు. పదం మొత్తం బయటికి వచ్చేసినా లోపల ఒకటి మిగలాలి. కాగితంలో అక్కడ ఏమీ లేదు. వరండా అంతా ఆ తప్పునే వల్లె వేస్తోంది.

“సార్, ఈడ ప్లస్ ఒకటి ఉండాలె. గుణిస్తే లెక్క తిరిగొస్తలేదు” అన్నాను.

సారు కాగితం వైపు చూడనైనా లేదు. “నీకెందుకమ్మా గా సోది? ఉన్నది ఉన్నట్టు రాయి, పాసైతవ్.”

తప్పు అచ్చయినందుకు కాదు, చూడనందుకు నాకు కోపం. గదిలో పిల్లలెవరైనా అడిగితే బోర్డు తుడిచి మళ్లీ చేసేవాడు. మర్నాడు నేను పోయి గదిలోనే కూర్చున్నాను, బెంచీలు ఖాళీ లేకపోతే నేల మీద. సారు బాపును పిలిపించాడు.

బాపు అప్పుడు హాలియా వైపు కోసిన వరి మళ్లలో గొర్రెల మందను తిప్పుతున్నాడు. మందను చిన్నబాపుకు అప్పజెప్పి బస్సెక్కి వచ్చాడు.

“నీ బిడ్డ పాసుకు నాది పూచీ. గదిల కూసుంటే అది గూడ పోతది” అన్నాడు సారు.

“బాపూ, నాకు గా లెక్కలు గావాలె. వరండల కూసుంటే పాలిటెక్నిక్ రాదు” అన్నాను.

బాపు నా వైపు చూడకుండానే సారుకు చేతులు జోడించాడు. “మీరెట్లంటే గట్లనే సారూ. మా ఇంట్ల పదో తరగతి దాక వచ్చినోళ్లే లేరు.”

వరండాలోకి తిరిగొచ్చాను. ఆ ఏడు మా బడిలో అందరూ పాసయ్యారు, నేను కూడా. సారుకు శాలువా కప్పారు. ప్రవేశ పరీక్షలో మాత్రం త్రికోణమితి ప్రశ్నల ముందు నోరు తెరుచుకుని కూర్చున్నాను. సీటు రాలేదు.

సారు ఎక్కడ కనపడినా బాపు ఇప్పటికీ దండం పెడతాడు. మొన్న బస్టాండులో నేను మొహం తిప్పుకుంటే నొచ్చుకున్నాడు.

“పాసయినవ్ గదా బిడ్డా. ఇంక గా సారు మీద కోపమేంది?”

“పాసయిన కాబట్టే బాపూ” అన్నాను. “ఫెయిలైతే నా మాట ఒక్కరన్న ఇనేటోళ్లు.”