బట్టమేక పిట్ట బొమ్మ కోసం జహీరాబాద్ వెళ్ళిన రోజు

ముందే చెప్పేస్తున్నాను, ఇది కోపంతో రాస్తున్న పోస్టు. ఇంటికొచ్చి, తలస్నానం చేసి, పెరుగన్నం తిని, పడుకుని లేచినా కోపం చల్లారలేదు. మీలో పాత పుస్తకాల కోసం ఊళ్ళు తిరిగేవాళ్ళున్నారని నాకు తెలుసు. ముఖ్యంగా పక్షులూ జంతువుల బొమ్మలతో వెనకటి రోజుల్లో వేసిన పుస్తకాలు పోగేసే నాలాంటి పిచ్చివాళ్ళు. నాకు జరిగింది మీకు జరక్కూడదని రాస్తున్నాను.

నా దగ్గర దక్కను పక్షుల మీద ఓ దొరగారు అచ్చు వేయించిన ఇంగ్లీషు పుస్తకం ఒకటుంది. పేరు చెప్పను. చెబితే వచ్చే ఆదివారానికల్లా ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దాని ధర పెంచేస్తారు. ప్రతి బొమ్మకీ చేత్తో రంగులు వేసిన పుస్తకం. దానికున్న లోటల్లా బట్టమేక పిట్ట బొమ్మ లేకపోవడమే. మనిషి నడుము దాకా వచ్చే పెద్ద పక్షి కదా, దానికోసం మడత కాగితం వేశారు, విప్పితే రెండు పేజీల వెడల్పు వస్తుంది. ఆ కాగితాన్ని ఎవడో బ్లేడు పెట్టి కోసుకుపోయాడు. కుట్టు దగ్గర వేలెడు వెడల్పు మొండి అంచు మిగిలింది. ఎందుకు కోస్తారంటారా? ఫ్రేము కట్టి అమ్ముకోవడానికి. పుస్తకంగా అమ్మితే ఒక్కడే కొంటాడు, బొమ్మలుగా కోస్తే పదిమందికి అంటగట్టొచ్చు. పెద్ద హోటళ్ళ గోడల మీద అలాంటి ఫ్రేములు కనిపించినప్పుడల్లా నా పక్కనున్నవాళ్ళు నన్ను చెయ్యి పట్టుకుని అవతలికి లాక్కెళ్ళాల్సి వస్తుంది. ఆ కోసినవాడి చేతులు పడిపోను అని ఎన్నిసార్లు తిట్టుకున్నానో నాకే తెలియదు.

ఇలా ఉండగా కోహీర్ నుంచి బదిలీ మీద మా బ్యాంకుకి ఒకబ్బాయి వచ్చాడు. అక్కడ తను అద్దెకున్న ఇంటి యజమాని రేవణప్ప గారి దగ్గర "రంగు రంగుల పిట్టల బుక్కు" ఉందని మాటల్లో చెప్పాడు. ఫోటో తెప్పిస్తే అదే పుస్తకం! వెంటనే ఫోన్ చేసి, లోపల మడతపెట్టిన పెద్ద బొమ్మ ఉందా అని అడిగాను. "ఉంది మేడం, పెద్ద పిట్ట" అన్నారాయన. వాళ్ళ తాత ఒక జాగీర్దారు దగ్గర వేటకి దారి చూపించే పని చేసేవారట, ఇనాముగా వచ్చిన పుస్తకమట. ఇంట్లో చదివేవాళ్ళు లేరు, కప్పు కురుస్తోంది, అందుకని మంచి చేతుల్లో పెట్టాలని ఆయన అనుకుంటున్నారు. నేను నాలుగుసార్లు చెప్పాను ఫోన్లో: వానాకాలం, తడి తగలనివ్వకండి, చెద పట్టనివ్వకండి, చేతి చెమట కూడా అంటకూడదు, నేనొచ్చేదాకా చాలా జాగ్రత్తగా పెట్టండి అని. ఈ మాటలు గుర్తుపెట్టుకోండి.

రెండో శనివారం పొద్దున్న ఆరున్నరకి లింగంపల్లిలో ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. జహీరాబాద్‌కి టికెట్ రెండు వందల లోపే. పటాన్‌చెరు దాటేదాకా ట్రాఫిక్, సంగారెడ్డి నుంచి హైవే బాగుంటుంది, తొమ్మిదికి కాస్త అటూ ఇటూగా దింపేస్తుంది. వికారాబాద్ మీదుగా రైలు కూడా ఉంది గానీ టైము కుదిరితేనే. నా వెనక సీట్లో ఒకాయన ఫోన్లో సీరియల్ పెట్టి బస్సంతా వినిపించాడు. అప్పటికి నాకు కోపం రాలేదు. ఆ రోజు కోటా అంతా ముందుంది కాబోలు.

బస్టాండు దగ్గర ఇడ్లీ తిని, కోహీర్‌కి ఆటో మాట్లాడాను. షేర్ ఆటోలు చవకే, కానీ పుస్తకం తెచ్చుకునేటప్పుడు ఎవరి మోచెయ్యీ తగలకూడదని రానూ పోనూ ఆటో మొత్తం మాట్లాడేసుకున్నాను. డ్రైవరు పేరు ఖాజా. "యాడికెల్లి వస్తున్నరు మేడం?" అని అడిగి, హైదరాబాద్ అనగానే తల పట్టుకున్నాడు.

"అరె, హైవే మీద కోహీర్ చౌరస్తల దిగేది ఉండె గద! ఈడి దాక వచ్చి మల్ల ఎనకకు పోతున్నరు. ఎవలు జెప్పిన్రు మీకు?"

ఎవరూ చెప్పలేదు. నాకు నేనే చెప్పుకున్నాను. మీరు మాత్రం కోహీరే వెళ్ళేటట్టయితే ముందే దిగండి. దారి పొడుగునా చెరకు, అల్లం, అక్కడక్కడ జామతోటలు. ఖాజాని అడిగాను, ఈ చుట్టుపక్కల ఒట్టి గడ్డి మైదానాలేమైనా మిగిలాయా అని. "గడ్డి ఎవలు ఉంచుతరు మేడం? జాగా ఉంటె ప్లాట్లు చేస్తున్నరు" అన్నాడు. బట్టమేక పిట్టకి కావాల్సింది ఆ గడ్డే. కాగితం మీద కూడా దాన్ని బతకనివ్వని మనుషులం, గడ్డి ఉంచుతామా అనుకున్నాను.

రేవణప్ప గారిల్లు ఊరి మధ్యలోనే. అరవై దాటిన మనిషి, నుదుట విభూతి, తెల్ల లాల్చీ. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి లోపలికి వెళ్ళారు. గోడలు చూస్తూ కూర్చున్నాను. బసవన్న పటం, కొడుకు పదో తరగతి మెమో, భూమి పాస్‌బుక్కు నకలు, పోయిన తల్లిగారి ఫోటో, చివరికి కరెంటు ఆఫీసువాళ్ళిచ్చిన రసీదు కూడా, అన్నీ లామినేషన్ చేసి మేకులకి వేలాడదీసి ఉన్నాయి. చూశాను. చూసి కూడా నా బుర్రకి తట్టలేదు.

ఆయన పసుపు గుడ్డలో చుట్టింది తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. విప్పాను. పైన పారదర్శకమైన ప్లాస్టిక్ అట్ట, కింద నల్ల అట్ట, పక్కన నీలం రంగు స్పైరల్. లోపల పక్షులు. ఒక్కొక్కటీ ప్లాస్టిక్‌లో.

"ఇదేంటండీ?" అన్నాను.

"బుక్కే మేడం. లామినేషన్ చేపిచ్చిన, జహీరాబాద్ల."

"ఎందుకు చేయించారు?"

"మీరే జెప్పిన్రు గద. తడి తగలొద్దు, చెద పట్టొద్దు, చెయ్యి చెమట సుత అంటొద్దంటిరి. మూడిట్కి ఒక్కటే ఇలాజ్ అన్నడు జిరాక్సు దుక్నం విఠల్." ఆయన మొహంలో సంతోషం. పని బాగా చేశాననే సంతోషం.

అసలు కాగితం ఇంకా పెద్దది. మిషన్‌లో పట్టడానికి నాలుగు వైపులా కత్తిరించేశారు. అంచున ఉండే పక్షుల పేర్లు పోయాయి. పాలపిట్ట రెక్కలోంచి స్పైరల్ చిల్లులు వరసగా వెళ్ళాయి. చిత్రకారుడు ఒక్కొక్క ఈకకీ పెట్టిన నీలం రంగు, ఆ వేడికి మసక తేలి, మీద ట్యూబులైటు మెరుస్తోంది. వేడితో అతుక్కున్న ప్లాస్టిక్‌ని తీయలేరు. తీస్తే రంగు దాంతోనే ఊడి వస్తుంది. నేను అరిచాను. దాచడమెందుకు, గట్టిగానే అరిచాను. "మీకు బుద్ధుందా? వందేళ్ళు బతికిన పుస్తకాన్ని చంపేశారు కదండీ! దీనికంటే చెదలు తిన్నా బాగుండేది!" రేవణప్ప గారి భార్య టీ గ్లాసులతో గడపలోనే ఆగిపోయింది. ఆయన కండువాతో స్పైరల్ అట్ట మీద లేని దుమ్ము తుడిచారు.

అప్పుడు గుర్తొచ్చింది. ఆత్రంగా పేజీలు తిప్పాను. బట్టమేక పిట్ట లేదు. "మడత బొమ్మేదీ?" అన్నాను.

"గది మిషన్ల పట్టలే. పాత అట్టతోటి విఠల్ కాడ్నే ఉంది" అన్నారు, నావైపు చూడకుండా.

టీ తాగలేదు. రేవణప్ప గారిని కూడా ఎక్కించుకుని అదే ఆటోలో జహీరాబాద్‌కి వెనక్కి. ఖాజా అద్దంలో మమ్మల్ని చూసి, పాటలు ఆపేశాడు.

బస్టాండుకి ఎదురు సందులో ఇరుకైన జిరాక్సు షాపు. విఠల్ ముప్ఫైల్లో ఉన్న మనిషి. ఆధార్ నకళ్ళ కోసం నలుగురు నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందే స్పైరల్ పుస్తకాన్ని కౌంటర్ మీద పడేశాను. నా మొహం చూసి అతను పుస్తకం తిప్పి చూశాడు.

"బుడగలు వచ్చినయా మేడం? ఒకటి రెండిట్ల వచ్చినయ్, కాయిదం పాతది గద. ప్లాస్టిక్ మాత్రం మంచిదే ఏసిన. చింపి చూడుండ్రి, చినగది."

చినగదట! ఆ మాటకి నాకు ఒళ్ళు మండిపోయింది. నోటికొచ్చిందల్లా అన్నాను. చదువుకున్నావు కదా, పాత పుస్తకమని తెలియదా, ఎవర్నైనా అడగాలని లేదా అన్నాను. నలుగురిలో ఒకామె తన ఆధార్ కార్డు కొంగుచాటున దాచుకుంది. విఠల్ మొహం ఎర్రబడింది.

"నా కాడికి అందరు పైలంగ దాసుకోనీకే తెస్తరు మేడం. సర్టిఫికెట్లు, పోయినోళ్ళ ఫోటోలు. ఇయ్యాల్టి దాక ఒక్కలన్న నన్ను తిట్టలే. గీ పెద్దాయన దుక్నంల పొద్దంత నిలబడి చేపిచ్చుకున్నడు. బేరం సుత చెయ్యలే."

అని, బల్ల కింద నుంచి అసలు పుస్తకం తీశాడు. తోలు అట్ట, రాతల పేజీలు. మధ్యలో వరసగా మొండి అంచులు, నా పుస్తకంలో ఒకటే ఉన్నది ఇందులో బొమ్మకొకటి. వాటి మధ్య ఒక్క మడత కాగితం, కుట్టుతో సహా చెక్కుచెదరకుండా.

"గింత వెడల్పు మిషన్ల పట్టది. మడత మీద కోసి రెండు ముక్కలు చేసి ఏస్తనంటి. పెద్దాయన ఒప్పుకోలే. పిట్టను నడుమల కోస్తవారా అని నా మీదికి లేసిండు."

రేవణప్ప గారు నేను అరిచాక మొదటిసారి నావైపు తిరిగారు. "మా తాత గా కాయిదం విప్పుతుండె మేడం. మేం పోరగాండ్లం కింద కూసుంటుంటిమి. రాయికోడ్ దిక్కు గడ్డిల గిట్ల నడుస్తుండెనంట గా పిట్ట. నేనైతే చూడలే, గీ బొమ్మలనే చూసిన." పుస్తకాన్ని నావైపు జరిపారు. "మిగిల్నది మీకేం పనికిరాదు, నాకు తెల్సింది. నా ఇంట్లనే ఉండనియ్యండి. మీకు కావల్సింది గీ ఒక్క కాయిదమే గద. కోసుకపోండి. తాత ఏమనుకోడు."

విఠల్ స్టీలు స్కేలు, కొత్త బ్లేడు తెచ్చి నా ముందు పెట్టాడు. "మీరే కొయ్యుండ్రి మేడం. నేను కోస్తె మల్ల తిడ్తరు."

నేను దాచను, నాకు కోయాలనిపించింది. ఎంత నీటుగా కోయొచ్చో నాకు తెలుసు. మా ఇంట్లో మొండి అంచుకి, చిరుగులు అతికే పల్చటి జపాన్ కాగితం పెట్టి అతికిస్తే నా పుస్తకం నిండుతుంది. ఇన్నేళ్ళ వెలితి పోతుంది. ఈ పుస్తకం ఎలాగూ పాడైపోయింది కదా, ఒక పేజీ పోతే ఏమిటి అనిపించింది. నా పుస్తకాన్ని కోసినవాడికి కూడా సరిగ్గా ఇలాగే అనిపించి ఉంటుంది, ఆ దౌర్భాగ్యుడికి. బ్లేడు వెనక్కి తోసేశాను. "నేను కోయను. ఎవర్నీ కోయనివ్వకండి" అన్నాను. అది కూడా అరిచినట్టే అన్నాను. నెమ్మదిగా చెప్పడం ఆ పూట నాకు రాలేదు.

తర్వాత రేవణప్ప గారిని, ఒకసారి విప్పండి అని అడిగాను. ఆయన చేతులు కండువాతో తుడుచుకుని, జిరాక్సు బల్ల మీద మెల్లగా మడత విప్పారు. పక్షి తల ఎత్తి నిలబడి ఉంది, తెల్లటి మెడ, నల్లటి నెత్తి, కింద ఎండిన గడ్డి. రంగులు నిన్న వేసినట్టున్నాయి. ఆధార్ కొంగున దాచుకున్నావిడ కూడా వంగి చూసింది. నేను ఆయనకి క్షమించమని చెప్పాను. "మీకు పిట్ట మీద పానం, గందుకే కోపం" అన్నారాయన. ఆ మాట విన్నాక కోపం తగ్గిందా అంటే, తగ్గలేదు. ఎవరి మీద పడాలో తెలియక ఇంకా పెరిగింది.

మూడు దాటాక బస్టాండు దగ్గర మెస్సులో జొన్న రొట్టె, పప్పు తిన్నాను. బాగుంటుంది, భోజనం వేళ దాటినా వేడిగా పెడతారు. నాలుగున్నర బస్సు ఎక్కాను, ఖాళీ సంచితో. పుస్తకాన్ని ప్రేమించేవాళ్ళే దాన్ని పాడుచేస్తారన్నది నాకు మింగుడు పడటం లేదు. అమ్ముకోవడానికి కోసినవాణ్ణి తిట్టొచ్చు, శాపనార్థాలు పెట్టొచ్చు. పొద్దంతా షాపులో నిలబడి, తాత పుస్తకానికి ఏమీ కాకూడదని లామినేషన్ చేయించిన మనిషిని ఏమని తిట్టను? పైగా ఆ పని చేయించిన మాటలు నావే. అందుకని మీకు ఒకటే సలహా. పాత పుస్తకం ఉన్నవాళ్ళకి ఫోన్ చేసినప్పుడు "జాగ్రత్తగా పెట్టండి" అని చచ్చినా అనకండి. "ఏమీ చేయకండి, ఎక్కడున్నది అక్కడే ఉంచండి" అనండి.

ఇది నేను అప్పుడే నేర్చుకున్నాను కూడా. బస్సు సదాశివపేట దాటుతుండగా రేవణప్ప గారి ఫోన్.

"మేడం, గా పెద్ద కాయిదం పైలంగ ఉండాల్నంటె ఏం జెయ్యాలె?"

"ఏమీ చేయకండి" అన్నాను. "అప్పుడప్పుడు విప్పి మీ మనవలకి చూపించండి. అంతే."