మూడు ముక్కల గేలం కర్ర

ఆ రోజుల్లో కొత్తగా పెళ్లయినవాడికి ఆషాఢం వచ్చిందంటే లోకమంతా కూడబలుక్కుని తనమీద కత్తి కట్టినట్టుండేది. పెళ్లాం పుట్టింటికి పోతుంది. అల్లుడు అత్తవారి గడప తొక్కకూడదు. నెల తిరిగేదాకా హోటల్లో తింటూ గోడమీది క్యాలెండరు చూసుకుంటూ బతకాలి. నాకైతే ఆ నెల మరీ బరువుగా మొదలైంది. మా ఆవిడ నాతో మాట్లాడకుండా బస్సెక్కింది. తప్పు నాదే. ఒప్పుకోవడానికి మాత్రం కొంచెం టైము పట్టింది.

అరవైల చివరినాటి మాట ఇది. శ్రీకాకుళంలో ఒక ఆఫీసులో గుమాస్తాగా ఉండేవాణ్ణి. ఉద్యోగం చిన్నదే గానీ, దానికి నేను తగిలించుకున్న పరువు కలెక్టరుకి కూడా వదులయ్యేంత ఉండేది. మా ఆవిడది పాతపట్నం పక్కన, మహేంద్రతనయ ఒడ్డున ఒక పల్లె. రైతుబిడ్డ. చిన్నప్పట్నుంచీ పొద్దున్నే వాళ్ల నాన్నతో రేవుకి పోయి గేలం వేసేదట. కాపురానికొచ్చిన కొత్తలో ఒకరోజు నాగావళి గట్టున నడుస్తూ, నీళ్లకేసి చూసి, "ఏటండీ, నాకొక గేలం కర్ర తెచ్చిపెడతారా? పొద్దుటపూట ఇక్కడికొచ్చి కూకుంటాను" అంది. నేను నవ్వాను. నవ్వి ఊరుకున్నా బాగుండేది. "గుమాస్తాగారి పెళ్లాం చేపలు పడుతోందని ఊరంతా చెప్పుకోవాలా?" అన్నాను. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మెల్లగా మిగతా మాటలూ తగ్గిపోయాయి. ఆషాఢానికి మా మావయ్య వచ్చి తీసుకెళ్తుంటే, కిటికీలోంచి ఒక్కసారైనా వెనక్కి చూస్తుందేమోనని బస్సు వెంట కొంతదూరం నడిచాను కూడా. చూడలేదు.

వారం తిరక్కుండానే నా పరువు హోటలు సాంబారులో కరిగిపోయింది. మా అక్క మొగుడు అదే ఊళ్లో ఉండేవాడు. పెద్దబావకి తెలియని విద్య లేదు (వచ్చిన విద్య మాత్రం నేనెప్పుడూ చూడలేదు). ఆయన దగ్గర గోడు వెళ్లబోసుకున్నాను. "ఒరే, గడప తొక్కకూడదన్నారు గానీ, ఏటిగట్టు తొక్కకూడదని ఎవుడు సెప్పాడ్రా? ఆ అమ్మి అడిగిన కర్రేదో పట్టుకుని రేవుకి పో. నోరిప్పకుండా ఎలాగుంటాదో సూద్దాం" అన్నాడు.

ఇక కర్ర వేట మొదలైంది. బావ ముందు వెదుళ్ల అడితికి తీసుకెళ్లాడు. అక్కడ నచ్చిన కర్ర ఒకటి దొరికింది. రెండు నిలువుల పొడుగు, చిటికెన వేలంత కొస, ఊపితే గాలిలో సన్నగా కూసేది. నిజానికి అదే కొనాలి. కానీ దాన్ని భుజాన వేసుకుని బజారంతా నడవాలి, బస్సు టాపు ఎక్కించాలి, అడిగినవాడికల్లా జవాబు చెప్పాలి. "పొడుగెక్కువ బావా" అన్నాను. ఆయన ఊరుకోకుండా విజయనగరం నుంచి, ఏ కాలంనాటిదో, ఒక ఇనప మడత కర్ర తెప్పించాడు. తెరిస్తే మూసుకోదు, మూస్తే తెరుచుకోదు. బరువు చూస్తే చేపని పట్టడానికి కాక కొట్టి చంపడానికి చేసినట్టుంది. చివరికి గొడుగులు బాగుచేసే తాత దారి చూపించాడు. వెదురుని మూడు ముక్కలు కోసి, పాత గొడుగు గొట్టాలు తొడిగి, ఒకదాంట్లో ఒకటి దూర్చేట్టు చేశాడు. "ఇప్పితే సంచిలో పడతాది బాబూ, బిగిస్తే నిలబడతాది. సేప పడతాదో నేదో నన్నడక్కు" అన్నాడు. నేను రెండో ప్రశ్న అడగనేలేదు. సంచిలో పడితే చాలనుకున్నాను. గేలానికి దారం, తేలడానికి జీలుగుబెండు ముక్క బావే కట్టిపెట్టాడు.

ఆదివారం పొద్దున్నే పాతపట్నం బస్సెక్కాను. పొడుగాటి గుడ్డసంచి ఒళ్లో పెట్టుకున్నాను. పక్కన కూర్చున్న పెద్దాయన దాన్ని ఒకసారి తడిమి, "సన్నాయేటి బాబూ?" అన్నాడు. గేలం కర్ర అని చెప్పడానికి నోరు రాలేదు. అవునన్నాను. "ఆషాడంలో పెళ్లెవులింట్లోనో?" "పెళ్లి కాదండీ, నేర్చుకుంటున్నాను." "ఐతే ఒకటి ఊదు బాబూ, దార్లో కాలచ్చేపంగా ఉంటాది." ఈ మాట విని వెనక సీట్లవాళ్లూ బతిమాలడం మొదలెట్టారు. పంటినొప్పి అని చెప్పి, ఊరొచ్చేదాకా దవడ పట్టుకుని కూర్చున్నాను.

రేవులో తండ్రీకూతుళ్లిద్దరూ ఉన్నారు. నన్ను చూడగానే మావయ్య లేచి, తలపాగా సర్దుకుని, "బాబూ, నిన్ను నాను సూడనేదు" అని చెప్పి, పది బారల అవతల మాకు వీపుపెట్టి కూర్చున్నాడు. నేను సంచి విప్పి, మూడు ముక్కలూ బిగించి ఇచ్చాను. ఆమె అందుకుని ఊపి చూసింది. మొహంలో వెలుగు వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది.

"ముక్కలెందుకు సేయించారు?"

"బస్సులో పట్టాలి కదా."

"బస్సు మీద మంచాలొస్తన్నాయి, నాగళ్లొస్తన్నాయి. కర్ర రాదేటి?"

ఆమె గేలానికి వానపామును గుచ్చి నీళ్లలోకి విసిరింది. బెండు తేలుతుంటే దాన్నే చూస్తూ నెమ్మదిగా అంది: "సంచిలో ఎట్టీస్తే ఎవులూ సూడరు. ఐతే నాను గేలం ఎయ్యొచ్చు గానీ, ఎవులికీ అవుపడకూడదన్నమాట."

క్షమించమని అడగడానికి వచ్చినవాణ్ణి, ఆ క్షమాపణని కూడా మడిచి సంచిలో దాచుకొచ్చాను. అది ఆమె చెప్పేదాకా నాకే తెలియలేదు. అంతలో బెండు బుడుంగున మునిగింది. ఆమె ఒక్క లాగు లాగింది. గొడుగు గొట్టం ఊడి, మొదటి ముక్క ఆమె చేతిలో మిగిలింది. మిగతా రెండు ముక్కలూ గేలంతో, చేపతో కలిసి ఏట్లోకి ప్రయాణం కట్టాయి.

నేను దూకేశాను. ఇస్త్రీ ప్యాంటు, ఆఫీసు చెప్పులు, జేబులో తిరుగు టికెట్టు డబ్బులు, ఏవీ గుర్తురాలేదు. రేవులో బట్టలుతికేవాళ్లు చేతులాపి చూస్తున్నారు. మావయ్య అటు తిరిగే ఉండి, "ఎవుడో ఏట్లో పడ్డాడే! నాను సూడనేదు గానీ, లోతు రొమ్ముదాకే!" అని అరిచాడు. గుండెలోతు నీళ్లలో కర్రని దొరకబుచ్చుకుని, దారం లాగి, విజయగర్వంతో చేపని పట్టుకున్నాను. అది జెల్ల. జెల్లకి ముల్లుంటుందని అప్పుడే తెలిసింది. నేను పెట్టిన కేక విని ఒడ్డునున్న కొంగలు లేచిపోయాయి.

అప్పుడు నవ్వింది మా ఆవిడ. కడుపు పట్టుకుని, గట్టుమీద కూలబడి నవ్వింది. తర్వాత నా చెయ్యి ఒళ్లో పెట్టుకుని, కొంగు చించి కట్టుకట్టింది. "సేపని అలాగేటి పట్టుకోడం? పెళ్లాన్ని పట్టుకున్నట్టు!" అంది. చెయ్యి మంటెత్తిపోతున్నా ఇంకాసేపు కట్టుకడితే బాగుండుననిపించింది. బస్సు వేళకి లేస్తుంటే చెప్పింది: "సావణంలో వస్తాను. నాన్న కొత్త కర్ర నరికిస్తానన్నాడు. ముక్కల్లేకుండా. బస్సుకాడికి మీరే రావాలి."

వెళ్లాను. బస్సు టాపు మీంచి దించిన ఆ వెదురు బావ చూపించినదానికన్నా మూరెడు పొడుగుంది. భుజాన వేసుకుని బజారు నడిమధ్యలో నడిచాను. మలుపు తిరిగినప్పుడల్లా దాని కొస ఏదో ఒక కొట్టులోకి దూరేది. కిళ్లీకొట్టు దగ్గర మా ఆఫీసువాళ్లు, వాళ్ల మధ్యలో పెద్దబావ. "ఒరే, జెండా కర్రేట్రా అది?" అన్నాడు. "నా పెళ్లాం గేలం కర్ర బావా! చేపలు పడుతుంది!" అన్నాను. అవసరానికి మించి గట్టిగానే అన్నాను. నాలుగడుగులు ముందు నడుస్తున్న మా ఆవిడ ఆగి, నేను వచ్చేదాకా నిలబడి, అక్కణ్ణుంచి పక్కనే నడిచింది.

ఆ పొడుగు కర్ర చాలా ఏళ్లు పనిచేసింది. గొడుగుల తాత కర్రలో మొదటి ముక్క మాత్రం ఇప్పటికీ ఉంది. మోకాళ్లు అరిగాక దానికి అడుగున రబ్బరు తొడిగించి చేతికర్ర చేసుకున్నాను. సాయంత్రం నాగావళి గట్టుకి బయల్దేరేటప్పుడు నలుగురూ చూస్తారని నేను దాన్ని మూల వదిలేసి, గోడ పట్టుకుని గుమ్మం దాటబోతాను. మా ఆవిడ వెనకనుంచి తెచ్చి చేతిలో పెడుతుంది. "పట్టుకోండి. సంచిలో ఎట్టి ఇమ్మంటారేటి?" అంటుంది.