నేను పెట్టని గిన్నె

నాకు నిదానం లేదని మా ఇంట్లో వాళ్ళు చిన్నప్పుడే తేల్చేశారు. ఎనభైల్లో పరిశోధన ఉద్యోగం దొరికి హైదరాబాద్ వచ్చాక కూడా ఆ జబ్బు తగ్గలేదు. అమీర్‌పేటలో అద్దె గది, పంజాగుట్ట అవతల ల్యాబు. స్టాపులో ఐదు నిమిషాలు నిలబడితే ఒళ్ళు మండిపోయేది. నడిచే పోయేదాన్ని, దారిలో నన్ను దాటిపోయే బస్సును తిట్టుకుంటూ.

తీరా ఆ ఉద్యోగమంతా ఎదురుచూపులే. నేలవేము ఆకు ఎండబెట్టాలి, దంచాలి, స్పిరిట్‌లో నానబెట్టాలి, వడకట్టాలి. ఆ రసాన్ని గాజు గిన్నెల్లో పెంచే క్యాన్సర్ కణాల మీద వేసి రెండు రోజులు ఆగాలి. పక్కన ఇంకో గిన్నెలో ఉత్త స్పిరిట్ వేయాలి. చంపింది ఆకో స్పిరిట్టో తెలియాలి కదా. ఆ గిన్నెలో ఎప్పుడూ ఏమీ జరిగేది కాదు. ఆ వారం దండగ అనిపించి మానేశాను. విసుగెత్తి రసం మాత్రం మామూలుకు ఎన్నో రెట్లు పోశాను.

మూడో రోజు మైక్రోస్కోపులో చూస్తే ఒక్క కణం కూడా బతికి లేదు.

నా నోట్లో నువ్వుగింజ నానదు. పరుగున ఇంటికొచ్చి ఇంటి ఓనరమ్మకు చెప్పేశాను. పిన్ని అన్నట్టుగా ఆమెను ఖాలా అని పిలిచేదాన్ని. ఆమె రొమ్ములోని క్యాన్సర్ గడ్డకు ఆపరేషన్ చేయాలని డాక్టర్లు తారీఖు కూడా ఇచ్చారు. అది తెలిసే చెప్పాను. ఆమె మొహం వెలగడం చూడాలనిపించింది.

"అన్నీ చచ్చిపోయాయి ఖాలా! ఒక్కటీ మిగల్లేదు!"

బియ్యం ఏరుతున్న ఆమె చేయి ఆగింది. "గా చేదు ఆకుతోనా? జ్వరమొస్తే మా అమ్మ తాపుతుండె."

"ఆ ఆకే."

"అయితే కోయకుండనే పోతదా బేటీ?"

"చూద్దాం" అన్నాను. కాదు అనాల్సింది. ఆ పూట ఆ మాట నా నోటికి రాలేదు.

ప్రొఫెసర్ గారు సెలవు నుంచి తిరిగొచ్చి నా నోటుబుక్కు తెరిచేసరికి మూడు వారాలు గడిచాయి.

"ఉత్త స్పిరిట్ గిన్నె ఏదమ్మా?"

"పెట్టలేదండీ."

మళ్ళీ చేయమన్నారు. ఈసారి ఉత్త స్పిరిట్ కూడా అంతే పోసి ఆ గిన్నె పెట్టాను. రెండు గిన్నెల్లోనూ అన్నీ చచ్చాయి. "అంత స్పిరిట్ పోస్తే నువ్వూ నేనూ కూడా బతకం" అన్నారాయన. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆ సామెత నాకోసమే పుట్టింది.

సిగ్గుపడేలోపే ఖాలా గుర్తొచ్చింది. మూడు వారాలకు పైగా ఆమె వాకిట్లోంచే గంతులేస్తూ పోతున్నాను, ఆపరేషన్ సంగతి ఒక్కసారీ అడగలేదు. ఆ సాయంత్రం పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా దాదాపు పరిగెత్తాను. ఎందుకంత పరుగో తెలియదు, పోయిన రోజులు పరిగెడితే తిరిగి రావు.

పొయ్యి మీద నేలవేము కషాయం మరుగుతోంది.

"ఆపరేషన్ ఎప్పుడు ఖాలా?"

"గా తారీఖు ఎప్పుడో పోయింది. నేనే వద్దన్న. నీ మందు తయారైతున్నది గదా, ఇంక ఫికర్ ఎందుకని."

అంతా చెప్పేశాను, స్పిరిట్ సంగతీ, మానేసిన గిన్నె సంగతీ. ఆమెకు ఎంత అర్థమైందో గానీ, మందు లేదన్నది మాత్రం అర్థమైంది. గిన్నె దించి కషాయం మోరీలో పారబోసింది. "జర ముందుగాల చెప్పకపోతివి బిడ్డా" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు పొద్దున్నే ఆటోలో ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టర్ గడ్డ తడిమి, పాత చీటీ చూసి, ఎల్లుండే వచ్చి చేరమన్నారు. తర్వాత కళ్ళజోడు తీసి అడిగారు.

"ఇది చాలా పెరిగింది. ఇన్ని రోజులూ ఏం చేస్తున్నావమ్మా?"

నేను చెప్పాల్సిన జవాబు అది. గొంతు సవరించుకున్నాను.

"ఇంట్ల పెండ్లి ఉండె డాక్టర్ సాబ్" అంది ఖాలా, నా వైపు చూడకుండా.

ఆ ఇంట్లో పెళ్ళీడు వాళ్ళెవరూ లేరు. డాక్టర్‌కు కోపమొచ్చింది. ప్రాణం కన్నా పెళ్ళి ఎక్కువా, చదువు లేకపోతే ఇంతే, అని చాలాసేపు తిట్టారు. ఆమె తల వంచుకుని అన్నీ పడింది. చదువుకున్నదాన్ని నేను, పక్కనే నిలబడి విన్నాను.